తోటమాలి పెట్టిన ఇనుము

మాది విశాఖపట్నం. మా ఇంటి నుంచి సముద్రానికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఈ మాట హాస్టల్లో చెప్తే అందరూ కుళ్ళుకుంటారు కానీ, మా బాల్కనీ గ్రిల్స్‌ని, నా సైకిల్ చైన్‌ని, ఫ్రిజ్ వెనక రేకుని అడిగితే వేరే కథ చెప్తాయి. ఉప్పుగాలికి ఇనుము అన్నది ఏదీ నిలవదు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి పెచ్చు ఊడి పడింది. చిన్న ముక్క కాదు, రెండు చేతులతో ఎత్తాల్సినంత ఉంది. వాచ్‌మన్ అన్న వాళ్ళ గది ఆ పిల్లర్ పక్కనే. వాళ్ళ పాప రోజూ సాయంత్రం చాప వేసుకుని హోంవర్క్ రాసుకునేది సరిగ్గా అక్కడే. పడింది రాత్రి కాబట్టి సరిపోయింది. పొద్దున్న టార్చ్ వేసి చూస్తే లోపల చువ్వలు పొరలు పొరలుగా ఉబ్బి ఉన్నాయి. చుట్టూ ఉండాల్సిన రింగులు కొన్ని చోట్ల అసలు లేనే లేవు, ఎర్రటి పొడి మాత్రం ఉంది.

అసోసియేషన్ మీటింగ్ జరిగింది. సగం మంది ప్లాస్టరింగ్ చేయించేద్దాం అన్నారు. అదే పిల్లర్‌కి అంతకు ముందే రెండుసార్లు ప్లాస్టరింగ్ చేయించారని నాన్న గుర్తు చేశారు. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే అది ఖాళీ క్యాచ్ బ్లాక్ లాంటిది. ఎర్రర్ వచ్చిందని తెలుసు, పట్టుకున్నాం, ఏమీ చేయకుండా పైకి కనపడకుండా చేశాం. చివరికి ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ గారిని పిలిచారు. ఆయన సుత్తితో పిల్లర్లన్నీ కొట్టుకుంటూ వెళ్ళి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీశారు. తుప్పు తీసి, కొత్త కాంక్రీటు నింపి, పిల్లర్ చుట్టూ ఫైబర్ గుడ్డ చుట్టాలన్నారు. ఫ్లాట్‌కి ఎంత పడుతుందో చెప్పగానే మీటింగ్ గొడవగా మారింది. ఆ గొడవ మధ్యలో నేను ఆయన్ని ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. తుప్పు పడుతుందని తెలిసీ అసలు కాంక్రీటులో ఇనుము ఎవరు పెట్టారు సార్ అని. ఆయన నవ్వి, ఒక తోటమాలి అన్నారు.

నేను జోక్ అనుకున్నా. రాత్రి ఫోన్‌లో వెతికితే నిజమే. పేరు జోసెఫ్ మోనియే. రెండు రోజుల పాటు మోనియర్ అని చదివాను, తర్వాత తెలిసింది ఫ్రెంచ్‌లో చివరి అక్షరం పలకరని.

మోనియే 1823లో దక్షిణ ఫ్రాన్స్‌లో సాన్ కాంతాన్ లా పోతరీ అనే ఊళ్ళో పుట్టాడు. ఊరి పేరులో ఉన్న పోతరీ అంటే కుండల పని. ఇప్పటికీ ఆ ఊరు మట్టిపాత్రలకి పేరున్న ఊరు. మట్టి కుండీలకి బదులు సిమెంటు కుండీలు చేసిన మనిషి కుమ్మరుల ఊళ్ళో పుట్టడం నాకు భలే అనిపించింది. ఇంట్లో పదిమంది పిల్లలు. వాళ్ళది యూజెస్ ప్రభువుల తోటల్లో పనిచేసే కుటుంబం. ఎన్ని చేతులుంటే అంత పని నడిచే ఇల్లు కాబట్టి పిల్లల్ని బడికి పంపలేదు. జోసెఫ్‌కి పదిహేడేళ్ళు వచ్చేసరికి మొక్కల పనిలో ఎంత ఆరితేరాడంటే, ప్రభువు తన పారిస్ భవనంలో తోటపనికి తీసుకెళ్ళాడు. చదవడం రాయడం అక్కడికి వెళ్ళాకే నేర్చుకున్నాడు, రాత్రి తరగతుల్లో, పగలంతా తోటలో పనిచేసి.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. తెలుగు పేపరు హెడ్‌లైన్స్ దాటి చదవడం ఇంటర్ అయ్యాక మా అమ్మమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అక్షరాలు తెలిసి కూడా నాకు అంత కష్టమైతే, ఆ వయసులో అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టిన వాడికి ఎలా ఉండుంటుందో. ఆయన తర్వాత పేటెంట్లు రాయించుకున్నాడు, కంపెనీ నడిపాడు. లెక్కలు మాత్రం నేర్చుకునే అవకాశం రాలేదు. ఆ లోటు ఆయన జీవితంలో ఎక్కడ దెబ్బకొట్టిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

1846లో ప్రభువు కొలువు వదిలి, లూవ్ర్ పక్కనున్న తువీలరీ తోటలో చేరాడు. అక్కడ ఆయనకి అప్పజెప్పిన పని నారింజ చెట్లు. పారిస్ చలికి నారింజ బతకదు. అందుకని చెట్లని పెద్ద పెద్ద తొట్లలో పెంచి, చలికాలం అద్దాల ఇంట్లోకి మోసుకెళ్ళి, ఎండలు రాగానే మళ్ళీ బయటికి మోసుకొస్తారు. ఏటా ఇదే తంతు. చెక్క తొట్లు తడికి కుళ్ళిపోయేవి. మట్టి తొట్లు మోసేటప్పుడు పగిలేవి. సిమెంటుతో చేస్తే కుళ్ళదు, కానీ పగలకుండా ఉండాలంటే గోడ బాగా మందంగా పోయాలి, అప్పుడు ఎవరూ ఎత్తలేరు.

మీలో సివిల్ వాళ్ళకి ఇది తెలిసిందే కానీ మిగతా బ్రాంచ్‌ల కోసం చెప్తా. కాంక్రీటుని నొక్కితే బ్రహ్మాండంగా తట్టుకుంటుంది, లాగితే మాత్రం అందులో పదో వంతు బలం కూడా ఉండటం కష్టం. తొట్టిలో తడిసిన మట్టి, పెరిగే వేళ్ళు గోడని బయటికి తోస్తాయి. అంటే గోడ చుట్టూ సాగుతుంది. సాగే చోటే సిమెంటు బలహీనం. 1849 ప్రాంతంలో మోనియే తొట్టి ఆకారంలో ఇనుప వైరు జాలీ అల్లి, దాని మీద సిమెంటు పూతగా పూసి చూశాడు. గోడ పల్చగా వచ్చింది, పగల్లేదు. తోపుడు సిమెంటు మీద పడకుండా ఇనుము పట్టుకుంది. ఆయనకి ఈ సిద్ధాంతమంతా తెలియదు. ఆయనకి కావాల్సింది వచ్చే చలికాలానికి పగలని తొట్టి.

ఆయనే మొట్టమొదటివాడా అంటే కాదు. అదే ఫ్రాన్స్‌లో లాంబో అనే ఆయన ఇనుప జాలీ, సిమెంటుతో పడవ చేసి 1855 పారిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. ఇంగ్లండ్‌లో విల్కిన్సన్ అనే మేస్త్రీ 1854లోనే ఇనుము పెట్టిన స్లాబుకి పేటెంటు తీసుకున్నాడు. కానీ వాళ్ళ దగ్గర అది ఒక వస్తువు దగ్గర ఆగిపోయింది. మోనియే ఆగలేదు. 1867 జులై 16న తొట్ల మీద పేటెంటు తీసుకున్నాడు, అదే ఏడు పారిస్ ప్రపంచ ఎగ్జిబిషన్‌లో చూపించాడు. 1868లో పైపులు, నీళ్ళ ట్యాంకులు. 1869లో ఇళ్ళ గోడలకి పలకలు. 1873లో వంతెనలు. 1878లో బీములు. వరసగా చూస్తే ఒక మనిషి తొట్టిని తీసుకుని దాన్ని పొడుగు చేస్తూ, చదును చేస్తూ, తిరగేస్తూ వెళ్ళినట్టుంటుంది. తొట్టిని పొడుగు చేస్తే పైపు. పెద్దది చేస్తే ట్యాంకు. విప్పి పరిస్తే పలక.

1875లో షాజ్‌లే అనే ఊళ్ళో ఒక కోట చుట్టూ ఉన్న కందకం మీద వంతెన కట్టాడు. సుమారు 14 మీటర్ల పొడుగు, 4 మీటర్ల పైచిలుకు వెడల్పు. ఇనుము పెట్టిన సిమెంటుతో ప్రపంచంలో కట్టిన మొదటి వంతెన ఇదే అంటారు, ఇప్పటికీ ఉంది. ఫోటో చూస్తే నాకు నవ్వొచ్చింది. రెయిలింగ్ అంతా చెట్టు కొమ్మల్లా చేసి పెట్టాడు. మన పార్కుల్లో సిమెంటుతో చెట్టు మొద్దులా చేసిన బెంచీలు ఉంటాయి చూడండి, అలాగ. చరిత్రకెక్కే వంతెన కడుతూ కూడా ఆయన తోటమాలిగానే ఉన్నాడు.

సరే, ఆయన అదృష్టం ఏంటో, మన దురదృష్టం ఏంటో ఇక్కడే చెప్పేయాలి. ఇనుము, కాంక్రీటు వేడికి దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి, అందుకే ఎండకి ఒకదాన్నొకటి చీల్చుకోవు. అది మొదటి అదృష్టం. రెండోది ఇంకా పెద్దది. సిమెంటు లోపల క్షారం ఎక్కువ, పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద కంటికి కనపడనంత పల్చటి పొర ఏర్పడి తుప్పుని ఆపేస్తుంది. మోనియే ఈ రెండూ లెక్క వేసి పెట్టలేదు. తీగ మీద సిమెంటు పూశాడు, రసాయనశాస్త్రం తన పని తను చేసుకుపోయింది.

కానీ ఆ రక్షణ శాశ్వతం కాదు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కొన్నేళ్ళ పాటు మెల్లగా లోపలికి దిగుతూ క్షారాన్ని తగ్గిస్తుంది, పీహెచ్ 9 దగ్గరికి వచ్చేసరికి ఆ పొర నిలవదు. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ అయితే క్షారం ఉండగానే పొరని అక్కడక్కడా పొడిచేస్తుంది. తర్వాత తేమ, ఆక్సిజన్ చాలు. తుప్పు, తను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపల్నుంచి తోస్తుంది. ముందు చువ్వ వెంబడి సన్నటి బీట, తర్వాత పెచ్చు. అంటే మా సెల్లార్‌లో జరిగింది ఇదీ: పగలకుండా పట్టుకోమని మోనియే లోపల పెట్టిన ఇనుమే లోపల్నుంచి పగలగొట్టింది.

మళ్ళీ ఆయన దగ్గరికి. ఆయన ఫ్రాన్స్‌లో చిన్న కాంట్రాక్టులు చేసుకుంటుండగా పేటెంటు హక్కులు దేశాలు దాటాయి. 1884లో జర్మనీ వాళ్ళు కొన్నారు. ఆ తర్వాత గుస్తావ్ వైస్ అనే ఇంజనీరు ఆ హక్కుల్ని చేతిలోకి తీసుకుని బెర్లిన్‌లో అందరి ముందూ బరువులెక్కించి పరీక్షలు చేయించాడు. కోనెన్ అనే ఇంకో ఇంజనీరు మోనియేకి చేతకానిది చేశాడు, లెక్క కట్టాడు. బీము వంగితే అడుగు భాగం సాగుతుంది కాబట్టి ఇనుము అక్కడే ఉండాలి, ఎంత బరువుకి ఎంత ఇనుము అన్నది కాగితం మీద తేల్చాడు. మోనియే దృష్టిలో జాలీ అనేది సిమెంటుకి ఆకారమిచ్చే ఎముకల గూడు. మధ్యలో ఉంటే మధ్యలోనే. 1887లో వైస్, కోనెన్ కలిసి మోనియే పద్ధతి అనే పేరుతోనే పుస్తకం వేశారు, దాంతో జర్మనీ, ఆస్ట్రియాల్లో పని ఊపందుకుంది. ఆస్ట్రేలియాలో జాన్ మోనాష్ అనే ఇంజనీరు మోనియే ఆర్చీ వంతెనలు కట్టాడు. జర్మన్లు కాంక్రీటులో వేసే చువ్వని మోనియే ఇనుము అనే పిలిచేవాళ్ళు.

పేరు ఊళ్ళూ దేశాలూ తిరుగుతుంటే మనిషి పారిస్‌లో మునిగిపోతున్నాడు. ఆయన కంపెనీ 1888లో దివాలా తీసింది. ఒక కొడుకు పనిలో ఉండగా పైనుంచి పడి చనిపోయాడు. ఇంకో కొడుకుతో గొడవపడి దూరమైపోయాడు. 1890లో మళ్ళీ కంపెనీ పెట్టాడు, అప్పటికి ఆయనకి దాదాపు 67 ఏళ్ళు. ఈలోగా 1892లో ఎన్‌బిక్ అనే కాంట్రాక్టరు పిల్లర్, బీము, స్లాబ్ అన్నీ ఒకే ముక్కగా పోసే పద్ధతికి పేటెంటు తీసుకుని, ఏజెంట్లని పెట్టి మార్కెట్ పట్టుకున్నాడు. ఇవాళ మనం కట్టే ఇళ్ళ తీరు చాలావరకు అక్కడిదే. మోనియే దగ్గర అలాంటి డిజైన్ ఆఫీసు లేదు, ఇంజనీర్లు లేరు. పేటెంటు గడువు అయిపోయాక అందరూ చేసుకోవచ్చు, లెక్క తెలిసినవాడు ఇంకా బాగా చేసుకోవచ్చు. నాకు ఇందులో ఎన్‌బిక్ మీదో వైస్ మీదో కోపం రాలేదు. వాళ్ళు లేకపోతే ఇది తొట్ల దగ్గరే ఉండిపోయేదేమో. కానీ 1902లో బయటి దేశాల కాంక్రీటు కంపెనీల వాళ్ళు ఈ ముసలాయనకి సాయం చేయమని విజ్ఞప్తి చేయాల్సి వచ్చిందని చదివితే మనసు అదోలా అయింది. వాళ్ళందరూ బతుకుతున్నది ఆయన తొట్టి మీద. 1906లో పారిస్‌లో, 82 ఏళ్ళ వయసులో పోయాడు.

ఆయన చివరి రోజుల్లోనే, అదే దేశంలో కొన్సిదేర్ అనే ఇంజనీరు ఇంకో సంగతి పట్టుకున్నాడు. పిల్లర్‌ని పైనుంచి నొక్కితే అది పక్కలకి ఉబ్బి పగులుతుంది. ఆ ఉబ్బుని ఆపితే? చువ్వని స్ప్రింగులా చుట్టి అందులో కాంక్రీటు పోస్తే పిల్లర్ చాలా ఎక్కువ బరువు మోసింది. 1928లో అమెరికాలో రిచార్ట్, ఆయన తోటివాళ్ళు దాన్ని కొలిచారు. పక్కల నుంచి ఎంత ఒత్తిడితో బిగిస్తే, నిలువు బలం దానికి నాలుగు రెట్లకి కొంచెం పైగా పెరుగుతుందని తేలింది. ఇప్పుడు ఫైబర్ చుట్టడం వెనక ఉన్న లెక్క మొత్తం దీని పిల్లే. జపాన్‌లో 1995 కోబే భూకంపం తర్వాత వంతెనల పిల్లర్లకి కార్బన్ ఫైబర్ విరివిగా చుట్టారు, అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళూ వంతెనల పిల్లర్లకి ఫైబర్ చుట్టారు.

మా ఇంట్లో చివరికి డబ్బులు వేయడానికి ఒప్పుకున్నారు. పాప హోంవర్క్ చోటు సంగతి వాచ్‌మన్ అన్న భార్య మీటింగ్‌కి వచ్చి చెప్పాక ఎవరూ ప్లాస్టరింగ్ మాట ఎత్తలేదు. పని జరిగిన నాలుగు వారాలూ నేను సెల్లార్‌లోనే ఉన్నా. ముందు బీముల కింద జాకీలు బిగించారు, బరువు పిల్లర్ మీద తగ్గేలా. డొల్ల కాంక్రీటంతా చువ్వల వెనక్కి వెళ్ళేదాకా చెక్కేశారు. చువ్వల్ని వైర్ బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దారు. మరీ సన్నబడిన వాటి పక్కన కొత్తవి కట్టారు, పోయిన రింగులు వేశారు, తుప్పు రాకుండా పూత పూశారు. తర్వాత మైక్రో కాంక్రీటు. అది గట్టిపడ్డాక గ్రైండర్‌తో పిల్లర్ నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీశారు, ఎందుకంటే పదునైన మూల దగ్గర ఫైబర్ తెగిపోతుంది, పైగా గుండ్రటి దాన్ని బిగించినంత బాగా చదరాన్ని బిగించలేం.

ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్, లప్పం, మళ్ళీ ఎపాక్సీ, దాని మీద గుడ్డ. మా దాంట్లో వాడింది గాజు ఫైబర్. కార్బన్ అయితే ఇంకా బలం కానీ, అది నేరుగా ఇనుముకి తగిలితే తుప్పుని పెంచుతుందట, ఖరీదు కూడా ఎక్కువ. ఇద్దరు మనుషులు పిల్లర్ చుట్టూ తిరుగుతూ గుడ్డని ముడతలు లేకుండా చుట్టారు, కొసలు జానెడు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా. రోలర్‌తో గాలిబుడగలు తోసేశారు. రెండో పొర వేశారు. జిగురు ఆరకముందే గుప్పిళ్ళతో ఇసుక చల్లారు, పైన ప్లాస్టరింగ్ పట్టడానికి. ఆ ప్లాస్టరింగ్ అందానికే అనుకున్నా. ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది కాబట్టి మంటల నుంచి అది కొంత కాపు కూడా అని ఇంజనీర్ గారు చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. ఉప్పు లోపల ఉండగానే పైన చుట్టేస్తే తుప్పు లోపల నడుస్తూనే ఉంటుందట, పైగా అప్పుడు బీట కూడా కనపడదు. రెండుసార్లు ప్లాస్టరింగ్ చేసి మేం చేసింది అదే కదా, చెక్కడానికి అన్ని రోజులు ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది.

ఇసుక చల్లుతుంటే ఆ పిల్లర్‌ని చూస్తూ నాకు తువీలరీ తొట్టి గుర్తొచ్చింది. లోపలున్నది బయటికి తోస్తుంటే చుట్టూ ఒకటి గట్టిగా పట్టుకోవడం, అంతే. ఆయన మట్టినీ వేళ్ళనీ పట్టుకోవడానికి సిమెంటులో ఇనుప జాలీ పెట్టాడు. మేం కాంక్రీటుని పట్టుకోవడానికి దాని బయట గాజు జాలీ కట్టాం. మా పిల్లర్ కాంక్రీటు నింపిన తొట్టి అయింది. ఈ మాట అక్కడ పనిచేస్తున్న మేస్త్రీ గారికి చెప్తే, అయితే నారింజ మొక్క నాటేయండి బాబూ అని నవ్వారు.

డొల్లగా మోగినవి మొత్తం తొమ్మిది పిల్లర్లు. డబ్బులకి ఏడు అయ్యాయి. మిగతా రెండూ సంక్రాంతి తర్వాత అని రాసుకున్నారు, వాటి దగ్గర జాకీలు అలాగే ఉన్నాయి. పాప చాప మాత్రం ఇప్పుడు గేటు వైపు ఫైబర్ చుట్టిన పిల్లర్ దగ్గరికి మారింది. మా బాల్కనీలో అమ్మ కరివేపాకు వేసిన సిమెంటు కుండీ ఒకటుంది, మొన్న ఇంటికెళ్ళినప్పుడు చూశా, దాని అంచు కింద సన్నగా ఒక ఎర్రటి గీత దిగుతోంది.